అతని స్కేలుతో అతని పనిని కొలిచిన రోజు

ఆ రోజు నేను చేసిన తప్పేమిటో ముందే చెప్పేస్తాను. నా స్కేలు నా ఏప్రన్ జేబులోనే ఉంది. అయినా "నీ స్కేలు ఇట్లియ్యప్పా" అని చెయ్యి చాపి, అతను చేసిన పనిని అతని స్కేలుతోనే కొలిచాను. ఇరవై ఆరు కొలతలు. ఒక్కటీ తప్పు రాలేదు. రాదని నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను.

ఇందులో తప్పేముందని మీకు అనిపించవచ్చు. మా పని తెలిస్తేగాని అది అర్థం కాదు. కాస్త ఓపిక పట్టండి, రెండు ముక్కల్లో చెప్తాను.

కె.ఆర్.పురం అవతల ఒక పెద్ద పోతల కర్మాగారంలో నేను ప్యాటర్న్ మేకర్‌ని. కరిగిన లోహం పోయాలంటే ఇసుకలో గుంత కావాలి. ఆ గుంత ఏ ఆకారంలో ఉండాలో ఆ ఆకారాన్ని ముందు టేకు కర్రతో చేసి ఇవ్వడం మా పని. లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. అందుకని కర్ర ఆకారం ఆ మేరకు పెద్దదిగా ఉండాలి. ప్రతి కొలతకూ లెక్క కట్టుకుంటూ కూర్చోలేం కాబట్టి, ముందే సాగదీసి గీతలు కొట్టిన స్కేళ్లు ఉండేవి. పోత ఇనుముకు ఒకటి, ఉక్కుకు ఒకటి. ఉక్కు ఎక్కువ ముడుచుకుంటుంది, దాని స్కేలు మీద గీతలు మరికాస్త ఎడంగా ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఏది ఏదో చెప్పలేం. ఏ లోహానిదో చివర చిన్న అక్షరాల్లో చెక్కి ఉండేది కానీ, మా చేతికొచ్చిన స్కేళ్లు మాకంటే ముందు ఇద్దరు ముగ్గురు అరగదీసినవి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటేగాని ఆ అక్షరాలు కనిపించేవి కావు. అందుకని ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకునేవాళ్లం. అతను తన ఉక్కు స్కేలు చివరి రంధ్రానికి ఎర్ర దారం కట్టుకునేవాడు.

ఇంకొక్క మాట. మా షాపులో ఎక్కడా రాసిపెట్టని నియమం ఒకటుండేది. ఒకడు చేసిన ప్యాటర్న్‌ని ఇంకొకడు కొలిచి చూడాలి. కొలిచేవాడు తన స్కేలే వాడాలి. చేసినవాడి స్కేలు ముట్టుకోకూడదు. ఎందుకో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

పేర్లు రాయను. అతనూ నేనూ ఒకే రోజు పనిలో చేరాం. ఇద్దరికీ పక్కపక్క బల్లలు ఇచ్చారు. నాది హిందూపురం వైపు. ట్రేడు చదువుకుని, సర్టిఫికెట్టు పట్టుకుని వచ్చినవాణ్ణి. అతనిది మాలూరు దగ్గర పల్లె. నాలుగు తరాలుగా చెక్కపని చేసే ఇల్లు. చేరిన రోజున నేను కొత్త ఉలుల సెట్టు తెచ్చుకున్నాను, నూనె కాగితం కూడా విప్పనిది. అతను ఒక పాత పెట్టె తెచ్చుకున్నాడు. అందులో వాళ్ల నాయనవి, తాతవి. చేతి చెమటకు నల్లబడి నున్నబడిన పిడులు. చిత్రికలు, సన్న ఉలులు, వంపు ఉలులు, ఒక చిన్న బాడిస. ప్రతి పిడి మీదా మూడు గాట్లు పెట్టి ఉండేవి, అది వాళ్లింటి గుర్తు. ఆ పెట్టె చూసి నేను నవ్వుకున్నాను. నెల తిరక్కముందే ఆ నవ్వు పోయింది.

అతను చిత్రిక పడితే చెక్కనుంచి లేచే పొర ఈ చివరనుంచి ఆ చివరదాకా తెగకుండా వచ్చేది. దాన్ని ఎత్తి పట్టుకుంటే అవతలి కిటికీ కనిపించేది. నేను కూడా పట్టేవాణ్ణి. నాది తెగేది. నా చిత్రిక విదేశీది, ఇనుపది, నున్నటిది. అతనిది కర్రది. ఇక నేను ఏమని సర్దిచెప్పుకోను?

మా ఫోర్‌మన్ గట్టివాడు. ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదు. డ్రాయింగు వస్తే మాత్రం నేరుగా అతని బల్ల దగ్గరికి పోయి పరిచేవాడు. "ఏమప్పా, ఇది ఎట్లా విడదీస్తావు?" అని అడిగేవాడు. ప్యాటర్న్ ఇసుకలోంచి చెడకుండా బయటికి రావాలంటే ఎక్కడ రెండుగా విడగొట్టాలో తెలియాలి. అతను డ్రాయింగుని ఒక నిమిషం చూసి, వేలితో ఒక గీత గీసేవాడు. ఫోర్‌మన్ తల ఊపేవాడు. అంతే. ఇద్దరూ పట్టుమని పది మాటలు మాట్లాడుకునేవాళ్లు కాదు. రెండడుగుల దూరంలో నిలబడి ఆ పది మాటలూ నేను వినేవాణ్ణి. నాతో ఫోర్‌మన్ ఎక్కువే మాట్లాడేవాడు. అన్నీ సూచనలే.

ఈ రోగం ఇంటిదాకా వచ్చింది. ఒకసారి మిగిలిన టేకు ముక్కతో అతను మా ఇంటికి పప్పుగుత్తి ఒకటి చేసి ఇచ్చాడు. అప్పటికే నేను చేసిచ్చిన పప్పుగుత్తి ఇంట్లో ఉంది. ఆరు నెలల తర్వాత చూస్తే నాది గూటిలో దుమ్ము పట్టి ఉంది.

"అదేమే, నాది బాగలేదా?" అన్నాను.

"బాగుండాది. ఆయనది చేతికి వస్తాది" అంది నా భార్య, పప్పు ఎనుపుతూనే.

ఆ పూట నేను సరిగా తినలేదు. పప్పుగుత్తి మీద అలిగిన మగవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

అతను గర్విష్ఠి అయి ఉంటే నాకు సులువుగా ఉండేది. కాదు. ఏ ఉలి అడిగినా ఇచ్చేవాడు. నేను ఉలి సానపడుతుంటే వచ్చి, నా మణికట్టు పట్టుకుని కోణం సరిచేసి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవాడు. అతను చేసిన ప్రతి మేలూ నాకు ఒక దెబ్బలా తగిలేది. మనిషి చెడ్డవాడైతే ద్వేషించి ఊరుకుంటాం. మంచివాడు, పైగా మనకంటే పనిమంతుడు అయితే, ఆ మంట ఎటు తిప్పినా మనమీదికే వస్తుంది.

చేరిన పదమూడో ఏట మా షాపులో చార్జ్‌మన్ ఉద్యోగం ఖాళీ అయింది. ఫోర్‌మన్ కింద అదే పెద్దది. సీనియారిటీలో ఉన్నది మేమిద్దరమే. ఫోర్‌మన్ ఎవరి పేరు రాస్తాడో టీ తెచ్చేవాడికి కూడా తెలుసు. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద వాల్వు ఆర్డరు వచ్చింది. ఉక్కు పోత. మనిషి నడుము ఎత్తు. పని అతనికి ఇచ్చారు.

ఆ వారం నా స్కేళ్లు రెండూ తనిఖీ గదికి పోయాయి. అన్ని కొలత పనిముట్లనూ ఏడాదికోసారి అక్కడ సరిచూసేవారు. నాకు చిన్న పోత ఇనుము పని ఒకటి ఉంది. అతని స్కేళ్లు అడిగాను. ఒకే మేకుకు వేలాడుతున్న రెంటినీ తీసి ఇచ్చాడు. సాయంత్రం సైరన్ కూసేసరికి జేబులోంచి తీసి చూస్తే ఎర్ర దారం ఊడి జేబు అడుగున ఉంది. బస్సు తొందర. చేతికి దొరికిన స్కేలుకు దారం కట్టేసి, రెంటినీ అతని మేకుకు తగిలించి పరిగెత్తాను.

అక్కడిదాకా అది పొరపాటు. దేవుడి ముందైనా ఆ మాట చెప్పగలను. తర్వాతది చెప్పలేను.

నాలుగో రోజున నా స్కేళ్లు తిరిగి వచ్చాయి. అతను భోజనానికి పోయాడు. అతని బల్ల మీద ఎర్ర దారం స్కేలు ఉంది. నా ఉక్కు స్కేలుని ఊరికే దాని పక్కన పెట్టాను. మొదటి గీతలు కలిశాయి. చివరికి వచ్చేసరికి కలవలేదు. వెలుతురుకు పట్టి చూశాను. అతను ఉక్కు పనిని పోత ఇనుము స్కేలుతో చేస్తున్నాడు. దారం కట్టింది నేను.

అప్పటికి అతను డ్రాయింగుని పలక మీద పూర్తి సైజులో మాత్రం గీసుకుని, నాలుగైదు చెక్కలు కోసి ఉన్నాడు. అప్పుడు చెప్పి ఉంటే నాలుగు చెక్కలు పోయేవి. అతను "అయ్యో, పోనీలేప్పా" అనేవాడు. అదే నాకు కష్టంగా తోచింది, నిజంగా. అతను నన్ను అంత సులువుగా క్షమించడం. భోజనం నుంచి వచ్చాక చెప్దామనుకున్నాను. వచ్చాడు. చెప్పలేదు. రేపు చెప్దామనుకున్నాను. మూడు వారాలు రోజూ రేపే.

ప్యాటర్న్ తయారైంది. అంత అందమైన పని నేను మళ్లీ చూడలేదు. రెండు ముక్కల మధ్య సందు వెతికితే గోరు ఆనలేదు. ఫోర్‌మన్ నావైపు తిరిగి "నువ్వు కొలువప్పా, అర్జెంటు" అన్నాడు. ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

చెప్పనిది ఒకటుంది. అన్నిటికంటే నన్ను కాల్చేది అది. నేను కొలుస్తుంటే అతను నాలుగడుగులు వెనక్కి పోయి, తల పక్కకు వాల్చి ప్యాటర్న్‌ని చూశాడు. దగ్గరికి వచ్చి మెల్లిగా అన్నాడు: "ఏమప్పా, ఇది రవ్వంత బక్కగా కనిపిస్తా ఉండాది నాకు. నీకేమనిపిస్తాది?"

స్కేలు అబద్ధం చెప్తోంది, అతని కన్ను నిజం చెప్తోంది. ఆ షాపులో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"కొలతలన్నీ సరిగా ఉంటే బక్కేమి, బలుపేమి?" అన్నాను. "నిద్ర చాల్లేదేమో నీకు. కన్నుని నమ్ముకుంటే ఎట్లాప్పా, స్కేలుని నమ్మల్ల గానీ."

"అదీ నిజమేలే" అన్నాడు. కళ్లు నులుముకుని నవ్వాడు.

పోత పోశారు. చల్లారింది. ఇసుక దులిపి, మిషన్ షాపులో గీతల బల్ల మీదికి ఎక్కించారు. పోతకు నాలుగువైపులా కాస్త అదనపు లోహం ఉంటుంది, మిషన్ మీద కోసి నునుపు చేయడానికి. గీతలు గీసేవాడు అటు కొలిచాడు, ఇటు కొలిచాడు, మళ్లీ అటు కొలిచాడు. చివరికి సుద్దముక్క పక్కన పెట్టేశాడు.

"సార్, దీంట్లో కోసేదానికి మాంసం లేదు" అన్నాడు. "తోలూ ఎముకలే ఉండేది."

రెండు షాపుల మనుషులూ గుమికూడారు. ఫోర్‌మన్ ప్యాటర్న్‌ని తెప్పించాడు. తన స్కేలుతో కొలిచాడు. తర్వాత అతని స్కేలు అడిగి తీసుకుని, తలుపు దగ్గరికి నడిచి, వెలుతురుకు పట్టి చూశాడు. అక్కడినుంచి వెనక్కి రావడానికి చాలాసేపు పట్టినట్టు నాకు గుర్తు.

"ఈ దారం ఎవురు కట్టింది?"

అతను స్కేలు తీసుకుని చూసుకున్నాడు. "నేనే సార్. నా స్కేలుకు ఇంకెవురు కడతారు?"

"నువ్వు కొల్చినావు కదా?" అన్నాడు ఫోర్‌మన్ నాతో. "నీ కండ్లు యాడ పెట్టుకోని కొల్చినావు?"

"ఆయన స్కేలుతోనే కొల్చినాను సార్" అన్నాను. "అర్జెంటు అంటిరి కదా. తప్పే సార్."

ప్రతి అక్షరం నిజం. నిజాలనే వరసగా పేర్చి అబద్ధం కట్టవచ్చని ఆ రోజు నేర్చుకున్నాను. నాకు ఒక మెమో వచ్చింది. పెద్ద ఆర్డరు చేజారింది కాబట్టి తప్పు మోపడానికి పైవాళ్లకు ఒక మనిషి కావాలి. అతన్ని ప్యాటర్న్ షాపునుంచి తీసి ప్యాకింగుకు పంపారు. పోతలు పంపడానికి చెక్కపెట్టెలకు మేకులు కొట్టే చోటు. రెండు నెలలకు చార్జ్‌మన్ కాగితం నా చేతికి వచ్చింది.

పోనీ అక్కడితోనైనా నా మంట చల్లారిందా? లేదు. ప్యాకింగువాళ్ల పెట్టెలు అప్పటినుంచి వేరేగా రావడం మొదలయ్యాయి. మూలలు కలిసిన తీరు చూసి లారీవాళ్లు కూడా చెప్పుకునేవారు. "ఒక్క మేకు కూడా వంగలేదు చూడన్నా" అని ఎవరో అంటే, నేను చార్జ్‌మన్ కుర్చీలో కూర్చుని పళ్లు కొరికాను. మనిషిని అంత కిందికి తోసి కూడా అతనికంటే పైన ఉన్నాననిపించలేదు.

ఏడాది తర్వాత చిక్కుపని ఒకటి వస్తే ఫోర్‌మన్ అతన్ని పిలిపించాడు. అతను వచ్చాడు. డ్రాయింగు చూశాడు. స్కేలు చేతిలోకి తీసుకున్నాడు. ఒక చెక్క మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాడు. నాలుగోసారి స్కేలు కింద పెట్టి, "వద్దు సార్. నాకు నా కన్ను మింద నమ్మకం పోయింది" అని వెళ్లిపోయాడు. రిటైరయ్యేదాకా మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ మాట విన్నాక కూడా నోరు తెరవని మనిషి ఇది రాస్తున్నాడు. మీరు నన్ను ఏమనుకున్నా ఎక్కువ కాదు.

కర్మాగారం మూతపడి చాలా ఏళ్లయింది. మా షాపు ఉన్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. ప్యాటర్న్‌లు కంప్యూటర్లు చేస్తున్నాయి. నేను మనవళ్లను బడికి దింపి, పేపరు చదివి కాలం గడుపుతుంటే, రెండేళ్ల కిందట వైట్‌ఫీల్డ్ నుంచి కొందరు వచ్చారు. సాఫ్ట్‌వేర్ పనివాళ్లు. శనాదివారాల్లో చేతి పనిముట్లతో చెక్కపని నేర్చుకుంటారట. పాత పనివాళ్ల కోసం వెతుకుతూ ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చారు. వెళ్లడం మొదలుపెట్టాను. నిజం చెప్పొద్దూ, సంతోషంగా ఉండేది. నాకంటే పనిమంతుడు ఆ గదిలో లేడు.

ఒక ఆదివారం ఒకమ్మాయి పాత పెట్టె ఒకటి మోసుకొచ్చింది. "అంకుల్, సండే బజార్లో దొరికింది. ఫుల్ వింటేజ్ సెట్. ఒకే ఫ్యామిలీవి అనుకుంటా, అన్నిటి మీదా సేమ్ మార్క్ ఉంది చూడండి."

మూడు గాట్లు.

అందరూ చుట్టూ చేరి ఒక్కొక్కటే తీసి చూస్తున్నారు. ఒకతను చిత్రిక పట్టాడు. పొర తెగకుండా వచ్చింది. "వావ్" అన్నారు. పెట్టె బజారుకు వచ్చిందంటే అతను పోయాడేమో అనుకున్నాను. ఆ తర్వాత వచ్చిన ఆలోచన ఇంకా సిగ్గుపడాల్సింది: పోయి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఆ ఆలోచన వచ్చినందుకే మరునాడు బయల్దేరాను.

బతికే ఉన్నాడు. కె.ఆర్.పురం స్టేషను వెనక చిన్న ఇల్లు. వరండాలో కూర్చుని అనపగింజలు పితుకుతున్నాడు. నన్ను చూసి "యోవ్, చార్జ్‌మన్ దొర! దావ తప్పి వస్తివా?" అని నవ్వాడు. అతని భార్య స్టూలు వేసి, మజ్జిగ ఇచ్చింది.

"పెట్టె ఎందుకు అమ్మేసినావు?" అన్నాను.

"ఇంట్లో ఉంటే దాని మొకం చూడల్ల కదప్పా. బేజారు. చేతిని నమ్ముకోలేనోడికి ఉలులెందుకు?"

"ఏమి చెప్పేదన్నా" అందుకుంది అతని భార్య. "కర్టెన్ గుడ్డ తెచ్చేదానికి కిటికీని ఐదుసార్లు కొలిచినాడు. మళ్లీ నన్ను కొలవమన్నాడు. మళ్లీ పక్కింటామెను పిల్చినాడు. ఇరవై ఏండ్లుగా ఇదే గలాటా."

చెప్పాను. దారం ఊడిన సాయంత్రం నుంచి సంతకందాకా, ఏదీ వదలకుండా. ముఖ్యంగా ఆ మాట. "నువ్వు బక్కగా ఉండాది అన్నావు చూడు, అది నిజం. నీ కన్ను సరిగానే చెప్పింది. నాకు తెలుసు. తెలిసే నీకు అబద్ధం చెప్పినాను."

గింజలు పితికే చెయ్యి ఆగింది. అతను నన్ను తిట్టలేదు. కొట్టి ఉంటే బాగుండునని నాకు అనిపించింది. ఒక్క ప్రశ్న అడిగాడు.

"రవ్వంత బక్క అంటిని కదా. ఎంత ఉండె?"

"నూటికి ఒకటి."

"నూటికి ఒకటి" అన్నాడు తనలో తాను. "నాలుగడుగుల దూరం నుంచి కనిపించిందే నాకు." తన చేతుల్ని తిప్పి చూసుకున్నాడు. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. నామీద కోపంతో కాదు. అప్పుడు నేను అక్కడ లేనట్టే ఉన్నాడు.

కోపం తర్వాత వచ్చింది. వచ్చాక గట్టిగానే వచ్చింది. "ఎందుకప్పా? నేనేం చేస్తిని నీకు?"

"ఏమీ చెయ్యలేదు. నాకంటే బాగా చేస్తావని."

"తూ" అన్నాడు. అతని భార్య లోపలికి వెళ్లిపోయింది, నేను తాగిన గ్లాసు కూడా తీయకుండా. లేచి నిలబడ్డాను. క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది వద్దు. సుమ్నే ఊరికే నా ఇంట్లోకొచ్చి నా చెవిలో చెప్తే అయిపోతాదా? ఆ పొద్దు మిషన్ షాపులో నిలబడుకోని నన్ను చూసినారే, వాళ్లకు ఎవురు చెప్పల్ల? పో. వాళ్లకు చెప్పు. ఒక్కొక్కరి మొకం చూసి చెప్పు."

గుమ్మం దాటుతుంటే పెట్టె సంగతి అడిగాను, ఆ అమ్మాయిని అడిగి వెనక్కి తెచ్చేదా అని. "ఆమె పని చేస్తా ఉండాదా, లేక అద్దాల బీరువాలో పెడతాదా?" అన్నాడు. చేస్తోందని చెప్పాను. "అట్లయితే ఉండనీ."

కర్మాగారం లేదు కాబట్టి దిద్దడానికి రిజిస్టర్లు లేవు. మిగిలింది మనుషుల నోళ్లే. ఆ రోజు అక్కడున్నవాళ్లలో బతికున్నవాళ్ల పేర్లు రాసుకున్నాను. పదకొండు. బస్సులు పట్టుకుని తిరిగాను. హోస్కోట, మాలూరు, కోలారు, ఒకరి కోసం చింతామణి దాకా. కొందరు నవ్వి "ఇప్పుడెందుకప్పా అవన్నీ, విడిచిపెట్టు" అన్నారు. విడిచిపెట్టనీయకుండా మొదటినుంచీ చెప్పాను. ఒకతను కాఫీ ఇచ్చి విన్నాడు, విన్నాక తలుపు వేసుకున్నాడు. గీతల బల్ల దగ్గర "తోలూ ఎముకలే" అన్నవాడు, చెవి సరిగా వినిపించదు, రెండుసార్లు చెప్పించుకుని, తల బాదుకుని ఏడ్చాడు. "ఆ మాట మింద వానికి బక్కమేస్త్రీ అని పేరు పెడితిమి కదరా" అన్నాడు. ఆ పేరు నాకూ తెలుసు. నేనూ నవ్వాను అప్పట్లో.

చివరికి మిగిలింది ఫోర్‌మన్. సర్జాపుర రోడ్డులో కూతురి ఫ్లాటులో ఉంటున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి ఫోను నొక్కుతూ "డెలివరీనా, క్యాబా, గెస్టా?" అన్నాడు. ఏదీ కాదన్నాను. "ఏదో ఒకటి చెప్పల్ల అంకుల్, లేకుంటే గేటు ఓపెన్ కాదు." గెస్టు అని నొక్కమన్నాను.

ఫోర్‌మన్‌కు ఎనభై దాటాయి. చేతులు ఆగకుండా వణుకుతున్నాయి కానీ చూపు అదే. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. అంతా విన్నాడు.

"చార్జ్‌మన్‌కి నీ పేరు రాసింది నేనే" అన్నాడు. "నా చేత్తో నేను రాస్తిని." తర్వాత, "వాని నెంబరు ఉండాదా నీ దగ్గర?"

నెంబరు కలిపి ఇచ్చాను. ఫోను పట్టుకోబోతే చేతినుంచి జారింది. నేనే తీసి ఆయన చెవికి ఆనించి పట్టుకున్నాను.

"ఏమప్పా, నేను" అన్నాడు ఫోర్‌మన్. "ఈడొకడు వచ్చి చెప్తా ఉండాడు. నీకు బక్కగా కనిపించిందంట కదా? ... మరి నాతో ఎందుకు చెప్పలేదురా? వీనితో ఎందుకు చెప్పినావు, నాతో చెప్పకుండా?" అవతలినుంచి అతను ఏమన్నాడో నాకు వినపడలేదు. ఫోర్‌మన్ ముక్కు చీది, ఆ తర్వాత, నమ్మండి, నవ్వాడు. ఆ వాల్వుని అసలు ఎక్కడ విడదీశావు, పక్కగా తీసి ఉంటే ఇంకా సులువయ్యేది కాదా అని అడిగాడు. అతను కాదన్నట్టున్నాడు. వాదన మొదలైంది. వణికే వేలితో ఫోర్‌మన్ గాలిలో ఒక గీత గీశాడు.

నా ఉద్యోగమంతటిలో నాతో ఒక్కసారైనా ఆయన అలా మాట్లాడలేదు. ఆ మంట మళ్లీ మొదలైంది, అక్కడే, ఇన్ని ఊళ్లు తిరిగి వచ్చిన తర్వాత కూడా. దాచడం దేనికి, ఉంది.

ముప్పావు గంట మాట్లాడుకున్నారు. నా పేరు మళ్లీ రాలేదు. చెయ్యి గుంజింది. ఇంకో చేతికి మార్చుకుని, ఫోను ఆయన చెవికి ఆనించి పట్టుకునే ఉన్నాను.